బూర్గుల రామకృష్ణారావు

అమెరికా రాష్ట్రములలో పందొమ్మిదవ శతాబ్దియందే ప్రజలు తమ గవర్నరుల నెన్నుకొనుచుండిరి. హైదరాబాదు రాజ్యమున నట్టి భాగ్యము 1952 వఱకు లేదు. ఆ యేట ఉప్పల్ చేరువనున్న పీర్జాదిగూడవంటి పల్లెలలో సయితము దొరకును, కూలివానికిని వోటుహక్కు సమానమయ్యెను.

ఆ యెన్నికలలో షాద్‌నగరునుండి గెలిచి, ఆ రాష్ట్రమునకు ప్రజలెన్నుకొన్న తొలి ముఖ్యమంత్రి యైనవారు బూర్గుల రామకృష్ణారావుగారు. 1899లో పాలమూరు మండలమున జన్మించిన యీయన న్యాయవాది. తెలుగు, సంస్కృతము, ఉర్దూ, పారసీకములలో దిట్ట. స్వాతంత్ర్యోద్యమమున చెరసాల కేగిరి. ముఖ్యమంత్రి కాకమునుపే, రెవిన్యూ మంత్రిగా నుండి, భూస్వామి తన యిచ్చవచ్చినట్లు కౌలుదారుని వెడలగొట్టకుండ కాపాడు చట్టము నమలుపఱచుటకు పాటుపడిరి.

175 స్థానములలో కాంగ్రెసునకు 93 లభించినను పాలన సుఖముగా సాగలేదు. ఆ సంవత్సరమే స్థానికుల ఉద్యోగములకై ముల్కీ ఉద్యమము చెలరేగెను. పోలీసుల కాల్పులలో కొందఱు ప్రాణములు గోల్పోయిరి. ఆ మచ్చ ఆ ప్రభుత్వమునకు తప్పలేదు.

పిదప ఆంధ్ర రాష్ట్రముతో తెలంగాణమును కలుపు ప్రశ్న వచ్చెను. తెలంగాణము వేఱుగా నుండుటయే మేలని ఆయన మొదట తలంచిరి. తుదకు విలీనమునకు సమ్మతించిరి. తాను ముఖ్యమంత్రిగానున్న రాష్ట్రమే లేకుండ పోవునని యెఱిగియు నట్లు సమ్మతించుట సామాన్యము కాదు. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్ర మంతరించెను. నూతన రాష్ట్రమునకు నీలం సంజీవరెడ్డిగారు ముఖ్యమంత్రి యైరి. రామకృష్ణారావుగారు కేరళకును, ఆపై ఉత్తరప్రదేశమునకును గవర్నరుగా నుండి, 1967లో పరమపదించిరి.