సముద్రం చేరని మనిషి

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఎవరైనా ప్రసిద్ధుల జీవితం రాసి ఇమ్మని తమ్ముళ్ళు అడిగారు. గాంధీ గారిని గురించీ అంబేద్కర్ గారిని గురించీ ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుకని ఈసారి మేము ఏ ఘనకార్యమూ చేయని ఒక మనిషిని ఎంచుకున్నాము. అతడు చేసిందల్లా ఎత్తు పెరగడమే. 22 ఏళ్ళకే చనిపోయాడు. ఇది రాస్తున్న మాకు 23.

అతని పేరు ఛార్లెస్ బర్న్. 1761లో ఉత్తర ఐర్లండులో లిటిల్‌బ్రిడ్జ్ అనే పల్లెలో పుట్టాడు. తల్లిదండ్రులు మామూలు ఎత్తు మనుషులే. పిల్లవాడు మాత్రం ఆగకుండా పెరిగాడు. అంత ఎత్తున్న పేదవాడికి ఊళ్ళో ఏం పని దొరుకుతుంది? తనను తానే చూపించుకుని బతకసాగాడు. 1782లో లండన్ చేరాడు. జనం డబ్బులిచ్చి చూశారు. ఎనిమిది అడుగుల పైమాటే అని ప్రచారం జరిగింది. తర్వాత ఎముకలు కొలిస్తే తేలింది 7 అడుగుల 7 అంగుళాలు. మన మెస్సు గుమ్మంలో నడుం వంచి గాని దూరలేడు.

ఎందుకలా పెరిగాడు? దీనికి మన హాస్టల్ గోడే సాక్షి. ఎనిమిదో తరగతిలో ఎత్తులు కొలిచినప్పుడు వరుసలో చివరివాళ్ళం మేమే. పొట్టోడా అని పిలిచినవాళ్ళు ఇది చదువుతుంటే వాళ్ళకూ నమస్కారం. ఇంటరుకు వచ్చేసరికి ప్యాంట్లన్నీ చీలమండల పైకి పోయాయి. అన్నం మారలేదు, అదే సాంబారు. మారింది లోపల.

మెదడు అడుగున శనగగింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. పెరుగుదల హార్మోనును అది ధారగా కాక విడతలు విడతలుగా, ముఖ్యంగా గాఢ నిద్రలో, వదులుతుంది. యుక్తవయసులో వృషణాలు, అండాశయాలు పని మొదలుపెట్టి లైంగిక హార్మోన్లను పంపగానే ఒక్కో విడతలో వచ్చే మోతాదు పెరుగుతుంది. రోజు మొత్తం మీద రెండు మూడింతలు కూడా కావచ్చు. విచిత్రమేమంటే మగపిల్లల్లోనూ ఈ పని ఎక్కువగా చేసేది ఈస్ట్రోజనే. టెస్టోస్టిరాన్‌లో కొంత శరీరంలోనే ఈస్ట్రోజన్‌గా మారుతుంది. ఆడపిల్లల్లో ఇదంతా రెండేళ్ళు ముందే మొదలవుతుంది కాబట్టే ఏడో తరగతిలో వాళ్ళు మనకంటే ఎత్తుగా కనిపిస్తారు.

ఎత్తు పెంచిన ఈస్ట్రోజనే చివరకు ఎదుగుదలను ఆపుతుంది. ఎముకల కొసల దగ్గర పెరిగే మెత్తని పొరను గట్టిపరిచి మూసేస్తుంది. 1994లో అమెరికా వైద్యులు ఈస్ట్రోజన్ పనిచేయని ఒక మగమనిషిని గురించి ప్రకటించారు. 28 ఏళ్ళ వయసులో 204 సెంటీమీటర్లు ఉన్నాడు. ఎముకల కొసలు అప్పటికీ మూసుకోలేదు.

బర్న్ విషయంలో రెండూ తప్పాయి. పిట్యూటరీలో కణితి పుట్టింది. అది ఎవరి ఆజ్ఞకూ ఆగకుండా పెరుగుదల హార్మోను కురిపించింది. అలాంటి కణితి పక్కనున్న కణాలను నొక్కేస్తుంది. అప్పుడు వృషణాలకు ఆజ్ఞ అందదు, లైంగిక హార్మోన్లు చాలవు, ఎముకలు మూసుకోవు. చనిపోయే నాటికి బర్న్ ఎముకలు పదిహేడేళ్ళ కుర్రవాడివిలా ఉన్నాయని 1980లో పరిశీలించినవారు తేల్చారు. అంటే బతికుంటే ఇంకా పెరిగేవాడే.

అతనికి ఇవేవీ తెలియవు. తాగుడు మరిగాడు. 1783లో దాచుకున్న 700 పౌండ్ల పైచిలుకు సొమ్మును ఎవరో దొంగిలించారు. ఆరోగ్యం దిగజారింది. జాన్ హంటర్ అనే పేరుమోసిన శస్త్రవైద్యుడు తన శవం కోసం కాచుకుని ఉన్నాడని అతనికి తెలిసింది. శవాన్ని సీసపు పెట్టెలో పెట్టి సముద్రంలో ముంచమని స్నేహితులను వేడుకున్నాడు. సీసం ఎందుకో వల అడుగున సీసం గుండ్లు కట్టే మన తీరం వాళ్ళకు చెప్పనక్కర్లేదు. 1783 జూన్ 1న చనిపోయాడు. హంటర్ లంచమిచ్చి శవాన్ని దక్కించుకున్నాడు. 500 పౌండ్లు ఇచ్చాడని అంటారు. రాగి గంగాళంలో ఉడికించి ఎముకలు వేరుచేశాడు. 1786లో రేనాల్డ్స్ గీసిన హంటర్ చిత్రపటంలో పైమూలన బర్న్ కాళ్ళ ఎముకలు వేలాడుతూ కనిపిస్తాయి. హంటర్ శస్త్రవైద్యానికి చేసిన మేలు మేము కాదనము. అయినా ఈ పనిని క్షమించడం మా వల్ల కావడం లేదు.

1909లో కుషింగ్, కీత్ అనే వైద్యులు ఆ పుర్రె తెరిచి పిట్యూటరీ ఉండే గుంట బాగా వెడల్పై ఉండడం చూశారు. 2011లో అతని పళ్ళ నుంచి తీసిన డి.ఎన్.ఎ.లో ఒక జన్యులోపం బయటపడింది. ఉత్తర ఐర్లండులో నేటికీ కొన్ని కుటుంబాల్లో అదే లోపం ఉంది. ఆ పిల్లలకు ముందే పరీక్ష చేసి కణితిని చిన్నగా ఉండగానే పట్టవచ్చు. బర్న్‌కూ అదే లోపం ఉందని ఆ ఎముకల వల్లే తెలిసింది. ఇక్కడే మా మనసు రెండుగా చీలుతుంది. పళ్ళు తీసుకుని మిగతాది సముద్రానికి ఇచ్చేయవచ్చు కదా అని చివరకు అనిపించింది.

రెండు వందల ఏళ్ళకు పైగా అస్థిపంజరాన్ని జనానికి చూపించిన లండన్ హంటేరియన్ మ్యూజియం 2023లో దాన్ని ప్రదర్శన నుంచి తీసేసింది. సముద్రంలో మాత్రం వదల్లేదు. పరిశోధన కోసమని దాచి ఉంచింది.

ఈ కథ మా నాయనకు చెప్పాము. పడవ మీదికి కూలికి పోయే మనిషి, బడి ముఖం చూడలేదు. స్నేహితులు ముంచిన పెట్టెలో శవానికి బదులు రాళ్ళు ఉన్నాయట అన్నాము. నాయన చాలాసేపు వల బాగుచేసుకుంటూ కూర్చుని, రాళ్ళ బరువుకూ మనిషి బరువుకూ తేడా ఆ పెట్టె ఎత్తినవాళ్ళలో ఒక్కడికైనా తెలియలేదా అని అడిగాడు.