హెర్మన్ వాన్ హెల్మ్‌హోల్ట్జ్

హెర్మన్ లుడ్విగ్ ఫెర్డినాండ్ వాన్ హెల్మ్‌హోల్ట్జ్ (ఆగష్టు 31, 1821 - సెప్టెంబరు 8, 1894) జర్మనీ దేశానికి చెందిన వైద్యుడు, శరీరధర్మ శాస్త్రవేత్త, భౌతిక శాస్త్రవేత్త. శక్తి నిత్యత్వ నియమాన్ని గణితబద్ధంగా వివరించిన తొలితరంవారిలో ముఖ్యుడు. సజీవమైన కంటి లోపలి భాగాన్ని చూపే ఆప్తాల్మోస్కోపును, కదిలే కంటిని కూడా కచ్చితంగా కొలవగల ఆప్తాల్మోమీటరును రూపొందించి నేత్రవైద్యానికి శాస్త్రీయమైన పునాది వేశాడు.

బాల్యం, విద్య

హెల్మ్‌హోల్ట్జ్ బెర్లిన్ సమీపంలోని పోట్స్‌డామ్‌లో జన్మించాడు. తండ్రి ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు. బాలునికి భౌతికశాస్త్రంపై మక్కువ ఉన్నా, ఆ చదువు చెప్పించే స్తోమత తండ్రికి లేదు. బెర్లిన్‌లోని సైనిక వైద్య విద్యాలయంలో ప్రభుత్వ ఖర్చుతో చదివే అవకాశం లభించింది. అందుకు బదులుగా ఎనిమిది సంవత్సరాలు సైన్యంలో వైద్యునిగా పనిచేయాలి. పేదరికం వలన వైద్యం చదవవలసి రావడం నేత్రవైద్యానికి మేలే చేసింది. ప్రసిద్ధుడైన యోహానెస్ ముల్లర్ ఈయనకు గురువు. 1842లో పట్టా పొందాడు.

1847లో శక్తి నిత్యత్వంపై వ్రాసిన వ్యాసాన్ని ఆనాటి ప్రముఖ భౌతికశాస్త్ర పత్రిక తిరస్కరించగా, చిన్న పుస్తకంగా వెలువరించాడు. 1848లో గడువుకు ముందే సైనిక విధుల నుండి విముక్తి లభించింది. 1849లో కోనిగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. నాడీ సంకేతపు వేగాన్ని కొలవడం అసాధ్యమని గురువు ముల్లర్ భావించగా, శిష్యుడు కప్ప నాడిపై ప్రయోగం చేసి 1850లో దానిని కొలిచి చూపాడు.

కంటి పరిశోధనలు

కంటిపాప మనకు నల్లగా కనిపిస్తుంది. లోపలికి వెళ్ళిన కాంతి వచ్చిన దారినే తిరిగి వెళుతుంది. ఆ దారిలో చూడబోతే చూచేవాని తలే వెలుగుకు అడ్డు వస్తుంది. విద్యార్థులకు పాఠం సిద్ధం చేసుకొంటూ హెల్మ్‌హోల్ట్జ్ ఈ చిక్కును విప్పాడు. ఏటవాలుగా నిలిపిన గాజుపలకల ద్వారా కాంతిని కంటిలోకి మళ్ళించి, ఆ పలకల గుండానే చూశాడు. అట్టముక్కలు, కళ్ళద్దాలు, సూక్ష్మదర్శినిలో వాడే పలుచని గాజుముక్కలు - ఇవే ఆ తొలి పరికరపు సామగ్రి. 1851లో దీని వివరాలు ప్రచురించాడు. ఆంగ్లేయుడైన చార్లెస్ బాబేజ్ ఇటువంటి సాధనాన్ని 1847లోనే తయారుచేసినా ప్రచురించలేదు. అందువలన కీర్తి హెల్మ్‌హోల్ట్జ్‌కే దక్కింది.

ఆప్తాల్మోమీటరు ఇంతగా ప్రచారం పొందలేదు గాని, అందులోని యుక్తి మరింత సూక్ష్మమైనది. కార్నియా వంపును తెలుసుకోవాలంటే దానిపై ప్రతిఫలించే కాంతి బింబపు పరిమాణాన్ని కొలవాలి. అయితే కన్ను క్షణకాలమైనా పూర్తిగా నిశ్చలంగా ఉండదు. బింబం ఒక అంచును గుర్తించి రెండవ అంచుకు వచ్చేలోగా కన్ను కదులుతుంది, కొలత చెడుతుంది. హెల్మ్‌హోల్ట్జ్ రెండు గాజుపలకలను ఎదురెదురు దిశలకు వాల్చి ఒకే బింబాన్ని రెండుగా కనిపించేట్లు చేశాడు. ఆ రెండు బింబాల అంచులు తాకేవరకు పలకలను త్రిప్పి, త్రిప్పిన కోణం నుండి పరిమాణాన్ని లెక్కకట్టాడు. కన్ను కదిలితే రెండు బింబాలూ కలిసే కదులుతాయి గనుక అంచుల స్పర్శ చెదరదు. దగ్గరి వస్తువులను చూచేటప్పుడు కంటి కటకం ఉబ్బుతుందన్న విషయాన్ని ఈ కొలతల సాయంతో 1855లో వివరించాడు.

తరువాతి జీవితం

బాన్, హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయాలలో పనిచేసి, 1871లో బెర్లిన్‌లో భౌతికశాస్త్ర ఆచార్యుడయ్యాడు. దృష్టిశాస్త్రంపై ఈయన బృహద్గ్రంథం 1856-1867 మధ్య భాగాలుగా వెలువడింది. హెన్రిచ్ హెర్ట్జ్ ఈయన శిష్యుడు. 1893లో అమెరికాలోని చికాగో వెళ్ళి తిరిగి వస్తూ ఓడ మెట్లపై పడి గాయపడ్డాడు. మరుసటి సంవత్సరం మరణించాడు.

ఎంఆర్ఐ పరీక్షలో అదే సమస్య

సమాన పరిమాణం గల రెండు తీగచుట్లను వాటి వ్యాసార్ధమంత దూరంలో నిలిపి విద్యుత్తును ఒకే దిశలో పంపితే మధ్యభాగంలో దాదాపు ఏకరీతి అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఈ ఏర్పాటుకు హెల్మ్‌హోల్ట్జ్ పేరే ఉంది. ఎంఆర్ఐ యంత్రపు అయస్కాంతం ఇంతకన్నా జటిలమైనదే అయినా, అక్కడ కావలసినదీ ఏకరీతి క్షేత్రమే.

కనుగూటిని ఎంఆర్ఐ ద్వారా చిత్రించేటప్పుడు హెల్మ్‌హోల్ట్జ్ ఎదుర్కొన్న చిక్కే మళ్ళీ ఎదురవుతుంది. చిత్రానికి కావలసిన సంకేతాలు ఒకేసారి కాక వరుసలు వరుసలుగా, తరచు కొన్ని నిమిషాలపాటు సేకరింపబడతాయి. ఈ మధ్యలో కనుగుడ్డు కదిలితే చిత్రం మసకబారడమే కాక, కంటి నీడవంటి దొంగబింబాలు ఒక దిశలో వరుసగా పడతాయి. అవి దృక్ నాడిపై పడితే అక్కడి వ్యాధి కనబడకపోవచ్చు, లేని వ్యాధి ఉన్నట్లు తోచవచ్చు. ఆ దిశను మార్చి దొంగబింబాలు నాడికి ప్రక్కగా పడేట్లు చేయడం, తక్కువ సమయంలో ముగిసే పద్ధతులను ఎంచుకోవడం ఇందుకు ఉపాయాలు. రోగిని ఒకే గుర్తుపై చూపు నిలపమని, లేదా కళ్ళు మూసి కదల్చకుండా ఉంచమని కూడా కోరతారు. ఎక్కువసేపు తెరిచి ఉంచితే కళ్ళు ఆరి రెప్పలు వాలతాయి గనుక, పరీక్షను చిన్న విడతలుగా చేసి నడుమ విశ్రాంతి ఇవ్వడమూ ఉంది.