అల్మారాలో పగిలిన పిస్టన్లు

మినీ ప్రాజెక్ట్‌లో పాత స్కూటర్ ఇంజిన్ మూడోసారి పట్టేసిన రోజు, ఇక చాల్లే అనుకున్నాను. ఆ రాత్రే బర్ట్ మన్రో గురించి చదివాను.

ఆయనది న్యూజిలాండ్, ఇన్వర్‌కార్గిల్ ప్రాంతం. 1899లో పుట్టాడు, రైతు బిడ్డ. 1920లో ఇండియన్ స్కౌట్ బైక్ కొన్నాడు. పేరుకే ఇండియన్, తయారీ అమెరికాది. 600 సీసీ, గంటకు 88 కిలోమీటర్లు పోతే గొప్ప. ఇంకో బండి కొనుక్కోవచ్చు కదా! ఆయన మాత్రం దశాబ్దాల పాటు ఆ ఇంజిన్‌నే మార్చుకుంటూ పోయాడు.

పగలు బైకులు అమ్మే ఉద్యోగం, రాత్రి షెడ్డులో పని. పిస్టన్లు పాత డబ్బాల్లో తనే పోత పోశాడు. సైడ్ వాల్వ్‌లు తీసేసి ఓవర్‌హెడ్ వాల్వ్‌లు పెట్టాడు. పవర్ పెంచితే బలహీనమైన పార్ట్ ఏదో విరిగేది. అందుకే కనెక్టింగ్ రాడ్లు, ఫ్లైవీల్స్ కూడా సొంతంగా చేసుకున్నాడు. పాడైన వాటిని పారెయ్యలేదు, అల్మారాలో వరసగా పెట్టుకున్నాడు.

1967లో, 68 ఏళ్ల వయసులో, అమెరికాలోని బానవిల్ ఉప్పు మైదానంలో 950 సీసీకి పెంచిన ఆ బండి మీదే గంటకు 295 కిలోమీటర్లు దాటి, 1000 సీసీ లోపు తరగతిలో రికార్డు కొట్టాడు. 1978లో కన్నుమూశాడు. 2014లో పాత సగటు లెక్కలో తప్పు బయటపడి, ఆ రికార్డు 296కి పెరిగింది!

మా పట్టేసిన పిస్టన్ ఇప్పుడు నా హాస్టల్ టేబుల్ మీద ఉంది. సోమవారం నాలుగోసారి ఇంజిన్ విప్పుతున్నాం.