డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు

గోరిమేడులోని జిప్మర్ ఆసుపత్రికి నిత్యము వచ్చు జనసమూహములో గర్భవతులుందురు, రక్తపు క్యాన్సరు సోకిన పసివారుందురు, కీళ్లవాతముచే వ్రేళ్లు వంకరబోయిన వృద్ధులుందురు. గర్భవతికి ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లము కలిసిన మాత్ర నిత్తురు. పసివానికిని వృద్ధునకును మెథోట్రెక్సేటు అను నొకే మందును వేర్వేరు మోతాదులలో నిత్తురు. ఫోలిక్ ఆమ్లమును రసాయనికముగా నిర్మించుటయు, దానిని ఎదుర్కొను మెథోట్రెక్సేటును సృష్టించుటయు ఒకే పరిశోధనశాలలో, ఒకే దశాబ్దిలో జరిగిన పనులు. ఆ పరిశోధనశాలకు నాయకుడు భీమవరమున పుట్టిన తెలుగువాడు. ఆసుపత్రులలోను ప్రయోగశాలలలోను ఉద్యోగము చేయు మనవారికి యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు క్రొత్త కాదు. కాని పరిశోధన చేయుటకు కావలసిన సాధనసంపత్తి కొఱకు ఆయన పడిన పాట్లు ఆ పేరు తెలిసినంతగా తెలియవని నాకు తోచుటచే ఈ వ్యాసమునకు పూనుకొంటిని.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి; తల్లి వెంకమ్మగారు. సంతానము పెద్దది, రాబడి చిన్నది. బాలుడు చదువునందు అంతగా మనసు పెట్టువాడు కాడు. పదుమూడవ యేట కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవచ్చునని తలచి ఇల్లు విడిచి బయలుదేరెను. వెంకమ్మగారు వెదకి పట్టి తెప్పించి మరల బడిలో కూర్చుండబెట్టిరి. తండ్రి మరణించిన పిమ్మట ఆ తల్లి తన నగలమ్మి కుమారుని చదివించెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మదరాసు హిందూ హైస్కూలునుండి గట్టెక్కినాడు. ఫలితములు వెలువడు దినములలో మన ఇండ్లలో కనబడు ముఖములను తలచుకొన్నచో ఈ సంగతి కొందరు తల్లిదండ్రులకైన ఊరట కలిగించవచ్చును.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచున్నప్పుడు ఆయనకు సన్యసింపవలెనను కోరిక కలిగెను. తల్లి ఒప్పుకొనలేదు. సేవయే చేయదలచినచో వైద్యము నేర్చి చేయవచ్చునని మదరాసు వైద్యకళాశాలలో చేరిరి. 1919లో శేషగిరిగారితో వివాహము జరిగెను; మామగారగు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు అల్లుని చదువునకు ధనసహాయము చేసిరి. అవి గాంధీమహాత్ముని పిలుపునందుకొని యువకులు విదేశీవస్త్రములను విసర్జించుచున్న దినములు. సుబ్బారావుగారు శస్త్రచికిత్సాగారములోనికి సైతము ఖద్దరు అంగీతో పోయిరి. శస్త్రచికిత్సాచార్యుడగు బ్రాడ్‌ఫీల్డు దొరకు అది సరిపడలేదు. వ్రాతపరీక్షలలో చక్కగా వ్రాసినను సుబ్బారావుగారికి లభించినది యమ్.బి.బి.యస్. పట్టము కాదు, దానికంటె తక్కువదగు యల్.యమ్.యస్. మాత్రమే. ఆ పట్టముతో మదరాసు ప్రభుత్వ వైద్యశాఖలో ప్రవేశము దొరకలేదు.

ఇంతకంటె పెద్ద దెబ్బ ఇంటిలో తగిలెను. స్ప్రూ అను గ్రహణివ్యాధి ఆయన సోదరులను ఇద్దరిని ఎనిమిది దినముల వ్యవధిలో కబళించెను. తిన్న ఆహారము ఒంటబట్టక, రక్తము క్షీణించి, మనిషి చూచుచుండగనే కృశించిపోవు వ్యాధి అది. దానికి ఆనాడు పాశ్చాత్యవైద్యములో మందు లేదు. కొంతకాలమునకు సుబ్బారావుగారికే ఆ వ్యాధి సోకగా, ప్రసిద్ధ ఆయుర్వేదవైద్యులగు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సచే బ్రతికి బయటపడిరి. లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణశాస్త్రము బోధించుచు, మన మూలికలలోని గుణమెట్టిదో ఆధునికపద్ధతులచే తేల్చవలెనని ఉబలాటపడిరి. కాని ఎట్లు తేల్చుట? తగిన ప్రయోగశాల లేదు. పరికరములు కొనుటకు ధనము లేదు. దేశదేశములలో జరుగుచున్న పరిశోధనల వార్తలను తెచ్చు పత్రికలు చేతికందవు. బుద్ధి ఉండియు సాధనములు లేనివాని దుఃఖము ఆ వయసులోనే ఆయనకు అనుభవమునకు వచ్చెను. ఆయన ఉత్తరజీవితమంతయు దీనికి సమాధానమని నా అభిప్రాయము.

అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశవ్యాధుల విద్యాలయము కలదని తెలిసి అచటికి పోవ నిశ్చయించిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరు ధర్మసంస్థవారు సహాయము చేయుదుమని మాట యిచ్చిరి. మామగారు మరికొంత ధనము సమకూర్చిరి. కాకినాడ మన యానామునకు పొరుగూరే గదా! గోదావరీతీరపు దాతల సొమ్ము ఒక వైద్యుని సముద్రములు దాటించెను. భార్యను పుట్టినింట విడిచి వెళ్లిన ఆయన మరల స్వదేశము చూడలేదు.

బోస్టను నగరమునకు చేరునప్పటికి చేతిలోని డబ్బు కరగిపోయినది. అమెరికాలో వైద్యము చేయుటకు అనుమతి లేదు. పగలు చదువుకొని, రాత్రులు ఒక పెద్ద ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడుగు పనిచేసి పొట్ట పోసికొనిరి. 1924లో ఉష్ణదేశవ్యాధుల డిప్లొమా చేతికి వచ్చెను. అటుపిమ్మట హార్వర్డు జీవరసాయనశాఖలో సైరస్ ఫిస్కెగారి ప్రయోగశాలలో చేరిరి.

అచట మొదట చేసిన పని చూచుటకు చిన్నది. రక్తములోను మూత్రములోను భాస్వరము ఎంత ఉన్నదో కొలుచుటకు సులభమగు మార్గము కనిపెట్టుట. భాస్వరము గల ద్రవమునకు మాలిబ్డేటు అను లవణమును చేర్చి, మరియొక రసాయనముచే మార్పు కలిగించినచో నీలిరంగు పుట్టును. రంగు ఎంత గాఢమో భాస్వరమంత అధికము. 1925లో ప్రకటితమైన ఈ పద్ధతికి ఫిస్కె-సుబ్బారావు పద్ధతి యని పేరు. తరువాతి తరములలో ప్రపంచమందలి వైద్యవిద్యార్థులు దీనిని నేర్చిరి.

ఈ చిన్న సాధనమే పెద్ద రహస్యమును బయటపెట్టెను. కండరమునుండి తీసిన రసమునకు ఈ పరీక్ష చేసినప్పుడు నీలిరంగు వెంటనే పూర్తిగా రాక, నిమిషములు గడచినకొలది ముదురుచుండెను. మరియొకరైనచో పరికరములోనో రసాయనములోనో లోపమున్నదని ఆ ద్రవమును పారబోసియుందురు. వీరు ఆ ఆలస్యమునకు కారణము వెదకిరి. కండరములో భాస్వరము క్రియాటిన్ అను పదార్థముతో కలిసియుండి, ఆమ్లము తగిలినప్పుడు మెల్లమెల్లగా విడిపోవుచున్నదని తేలెను. ఆ క్రొత్త పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దీనిని ప్రకటించిరి. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటు, అనగా నేడు పాఠశాల విద్యార్థులు సైతము ఏ.టి.పి. అని వల్లించు శక్తినిధి, వీరి ప్రయోగశాలలో బయటపడెను; అదే సంవత్సరమున జర్మనీలో లోహ్మన్ అను శాస్త్రజ్ఞుడును దానిని విడిగా కనిపెట్టెను. కండరము ముడుచుకొనుటకు లాక్టిక్ ఆమ్లమే కారణమను మతము అప్పటికి ప్రబలముగా నుండెను. కండరశక్తిపై పరిశోధించిన హిల్, మయర్‌హాఫ్ అను వారికి 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము వచ్చియుండెను. ఫాస్ఫోక్రియాటిన్ బయటపడిన పిమ్మట ఆ మతము నిలువలేదు.

1930లో హార్వర్డు పిహెచ్.డి. పట్టము లభించెను. కాని స్థిరమైన పదవి మాత్రము దొరకలేదు. ఆయన వేరుపరచిన పదార్థములు కొన్ని ప్రకటనకే నోచుకొనక, చాలకాలమునకు ఇతరులచే మరల కనిపెట్టబడవలసివచ్చెనని, ఆ ప్రయోగశాలలోనే పనిచేసి 1988లో నోబెల్ బహుమానము పొందిన జార్జి హిచింగ్స్ పిమ్మట చెప్పియున్నాడు. 1940లో సుబ్బారావుగారు హార్వర్డు విడిచి, న్యూయార్కు రాష్ట్రములోని పెరల్ రివర్ అను ఊర ఉన్న లెడర్లీ ఔషధసంస్థలో చేరి, కొలదికాలములోనే పరిశోధనలకు అధిపతియైరి.

విశ్వవిద్యాలయమును వీడి మందుల కంపెనీలో చేరుట పతనమని తలచువారు నేటికిని ఉన్నారు. సుబ్బారావుగారి విషయమున నేనట్లు తలపను. మదరాసులో లేనివి, హార్వర్డులో చాలనివి అచట దొరకినవి. రసాయనజ్ఞులు, సూక్ష్మజీవిశాస్త్రజ్ఞులు, జంతువులపై ప్రయోగములు చేయువారు, వైద్యులు, అందరును ఒకే వ్యాధిపై ఒకేమారు పనిచేయు ఏర్పాటు ఆయన చేసిరి. ఒకరికి తెలిసినది మరునాటికి మరియొకరికి తెలియవలెను. అంతకంటె ముఖ్యము, తమ శాలలో తయారైన అరుదైన పదార్థములను బయటి వైద్యులకు పరీక్షకొఱకు పంపిరి. ఫలితములు ప్రకటించునప్పుడు పలు పత్రములలో తన పేరు చేర్చుకొనలేదు. ఈ గుణమును మెచ్చుకొనుట తేలిక. అందువలన ఆయన కీర్తికి కలిగిన నష్టముమాత్రము తక్కువది కాదు.

ఫోలిక్ ఆమ్లపు కథకు మొదలు మనదేశములోనే యున్నది. బొంబాయి మిల్లులలో పనిచేయు గర్భవతుల రక్తహీనత ఈస్టునుండి తీసిన సారము తినిపించినచో నయమగుచున్నదని లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు 1931లో ప్రకటించెను. అందులోని గుణకారి యేదో ఆమెకు తెలియదు. లెడర్లీలో సుబ్బారావుగారి బృందము కాలేయమునుండియు సూక్ష్మజీవులనుండియు దానిని వేరుపరచి, 1945లో రసాయనికముగా నిర్మించెను. అంతట వైద్యులకు కావలసినంత మందు లభించినది. పరీక్షింపగా అది గర్భవతుల రక్తహీనతకేగాక స్ప్రూ వ్యాధికిని పనిచేసెను. ఇరువది యేండ్లకు పైబడిన పిమ్మట, సోదరులను చంపిన వ్యాధికి మందు ఆయన శాలలోనే తయారైనది.

బోస్టనులో పిల్లల ఆసుపత్రిలోని సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు క్యాన్సరు గల పసివారికి ఫోలిక్ ఆమ్లజాతి పదార్థములిచ్చి చూడగా, వ్యాధి తగ్గుటకు మారుగా విజృంభించుచున్నట్లు తోచెను. అట్లయినచో ఫోలిక్ ఆమ్లమునకు విరోధియగు పదార్థము వ్యాధిని అణచవలెను గదా! అట్టి విరోధులను సుబ్బారావుగారి శాల తయారుచేసి పంపెను. అందులో అమినోప్టెరిన్ అనునది 16గురు పిల్లలకు ఇయ్యగా పదిమందికి వ్యాధి తాత్కాలికముగా ఉపశమించెను. వారాలలో మరణింపవలసిన పిల్లలు లేచి ఆడుకొనిరి. వ్యాధి మరల తిరుగబెట్టినదనుట నిజమే. అయినను మందుతో రక్తపు క్యాన్సరును వెనుకకు నెట్టవచ్చునని 1948 జూనులో వెలువడిన ఆ పత్రము తెలిపెను. అమినోప్టెరిన్‌కు తోబుట్టువే నేటి మెథోట్రెక్సేటు.

ఇక పుదుచ్చేరివారికి మిక్కిలి దగ్గరిది బోదకాలు మందు. రెండవ ప్రపంచయుద్ధమున పసిఫిక్ ద్వీపములలో పోరాడిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకగా దానికి మందు కావలసివచ్చెను. అప్పటివరకు విషప్రాయములగు అంజన, పాషాణ సంబంధమైన ఔషధములే శరణ్యము. లెడర్లీవారు ఎలుకలపైనను కుక్కలపైనను అనేక పదార్థములు పరీక్షించి, 1947లో హెట్రజాన్ అను దానిని వెలువరించిరి. డి.ఇ.సి. అని మన ఆరోగ్యశాఖవారు పంచు మాత్ర యిదియే. ఇది రక్తములోని సూక్ష్మపు పురుగులను తొలగించును. వాచి ఏనుగుపాదమైన కాలును మాత్రము మునుపటివలె చేయజాలదు. కావుననే వ్యాధి ముదరకముందే, లక్షణములు లేనివారికి గూడ ఇయ్యవలసియున్నది. గోదావరి జిల్లాలలో పుట్టి పెరిగినవాడు ఈ వ్యాధిని చూడకయుండుట అసంభవము.

ఫ్రెంచివారు 1823లో ఇచట స్థాపించిన వైద్యవిద్యాలయపు సంప్రదాయమును అందుకొని, 1956లో ధన్వంతరి వైద్యకళాశాలయు, 1964లో జిప్మర్‌యు ఏర్పడినవి. 1975లో భారత వైద్యపరిశోధనమండలి దోమలద్వారా వ్యాపించు వ్యాధులపై పరిశోధనకు ఒక కేంద్రమును పుదుచ్చేరిలో నెలకొల్పెను. 1981 మొదలు ఐదేండ్లు ఈ పట్టణపు మురుగుకాలువలలో, బావులలో, ట్యాంకులలో దోమలు పుట్టకుండ జరిగిన గొప్ప యత్నము ఆ కేంద్రమువారిదే. ఫైలేరియా పురుగులు రక్తములో రాత్రివేళలనే కనబడును. అందుచే రాత్రి పొద్దుపోయిన పిమ్మట ఇంటింటికి పోయి, నిద్రమత్తులోనున్న వారి వ్రేలినుండి రక్తపుబొట్టు తీయు ఉద్యోగులకు మనము కొంచెము ఓపికతో తలుపు తీయవలెను.

ఆరియోమైసిన్ అను క్రిమినాశకము గూడ సుబ్బారావుగారి ఏలుబడిలోనే బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు కనుగొన్నది. టెట్రాసైక్లిన్ కుటుంబములో ఇది మొదటిది. 1948లో లోకమునకు తెలిసెను. ఆ సంవత్సరము ఆగస్టులోనే, 53 యేండ్ల వయసున, సుబ్బారావుగారు న్యూయార్కులో నిద్రలో గుండె ఆగి కన్నుమూసిరి. పావుశతాబ్దము ఆ దేశమున నివసించియు అమెరికా పౌరుడు కాలేదు. 1953లో అమెరికా శాస్త్రజ్ఞులు క్రొత్తగా కనుగొన్న ఒక బూజుజాతికి సుబ్బరోమైసెస్ అని ఆయన పేరు పెట్టిరి. 1995లో శతజయంతి సందర్భమున భారత తపాలాశాఖ ఆయన బొమ్మతో బిళ్ళ వెలువరించెను.