తన పేరు దాచుకోని కళాకారుడు – షేక్ నాజర్



ఏడాది చివర మనమంతా ఒకసారి వెనక్కి చూసుకుంటాం. ఎవరికి ఎన్ని మార్కులు వచ్చాయి, ఎవరు మధ్యలో చదువు మానేసి పనికి వెళ్ళిపోయారు అని లెక్క వేసుకుంటాం. అలాగే తన జీవితం మొత్తాన్ని వెనక్కి చూసుకొని, దానికి ఎవరూ పెట్టుకోవడానికి ఇష్టపడని పేరు పెట్టుకున్న ఒక మహా కళాకారుని గురించి ఈ సంచికలో రాస్తున్నాం. ఆయనే బుర్రకథ పితామహుడు షేక్ నాజర్.

నాజర్ గారు 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో ఒక నిరుపేద దూదేకుల కుటుంబంలో పుట్టారు. తండ్రి మస్తాన్, తల్లి బీబాబి. దూది ఏకడం, పరుపులు కుట్టడం ఆ కులం వారి వృత్తి. వారినే పింజారులని కూడా అంటారు. మన ఊళ్ళలో ఆ మాటను తిట్టుగా వాడటం మనందరం విన్నదే.

చిన్నతనంలోనే ఆయన నాటకాల్లో వేషాలు వేశారు. నరసరావుపేటలో మురుగుళ్ళ సీతారామయ్య గారి దగ్గర సంగీతం నేర్చుకున్నారు. కానీ పేదరికం ఆయనను నిలకడగా నేర్చుకోనివ్వలేదు. పొట్టకూటి కోసం దర్జీ పని కూడా చేశారు. చేతిలో సూది ఉన్నా మనసు మాత్రం పాట మీదే ఉండేది.

1943లో బెంగాల్‌లో ఘోరమైన కరువు వచ్చి లక్షలమంది ఆకలితో చనిపోయారు. ఆ కాలంలోనే మన ప్రాంతంలో ప్రజానాట్యమండలి ఏర్పడింది. ఆ ఉద్యమంలో చేరిన నాజర్ గారు బెంగాల్ కరువును బుర్రకథగా చెప్పి ఎక్కడో బెంగాల్ ప్రజల ఆకలిని మన పల్లె జనానికి తెలియజేశారు.

బుర్రకథ మొదట జంగాలు ఊరూరా తిరిగి చెప్పుకుంటూ బతికిన కళ. కథకుడు తంబుర భుజాన వేసుకొని, వేళ్ళకు అందెలు తొడిగి కథ నడిపిస్తాడు. ఇరుపక్కలా ఇద్దరు వంతలు గుమ్మెటలు వాయిస్తారు. ఒకరు హాస్యం చెబితే, ఇంకొకరు కథను నేటి రాజకీయానికి ముడిపెడతారు. యాచన కళగా చిన్నచూపు చూసిన ఈ రూపానికి నాజర్ గారు తాను నేర్చిన సంగీతాన్ని, నాటకంలో నేర్చిన అభినయాన్ని జోడించారు. అందుకే ఆయన ఒక్కరే రాజూ అయ్యేవారు, బంటూ అయ్యేవారు, ఏడ్చే తల్లీ అయ్యేవారు.

ఆయన రచయిత కూడా. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు ఆయన నోట ఎంతో పేరు పొందాయి. ఆసామి అనే నాటకం రాసి ప్రదర్శించారు. పల్నాటి కథలో బ్రహ్మనాయుడు అన్ని కులాల వారినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన చాపకూడు ఉంటుంది. మెస్‌లో పక్కపక్కనే కూర్చొని కంచాలు పట్టుకునే మనకు ఆ కథ ఒకరు విడమర్చి చెప్పనక్కరలేదు.

1940ల చివర్లో కమ్యూనిస్టుల మీద నిర్బంధం పెరిగింది. ప్రజానాట్యమండలి ప్రదర్శనలపై మద్రాసు ప్రభుత్వం నిషేధం పెట్టింది. అయినా ఆయన కళను వదల్లేదు. పుట్టిల్లు (1953), అగ్గిరాముడు (1954) సినిమాల ద్వారా ఆయన బుర్రకథ తెర మీదకూ ఎక్కింది. ఎందరో శిష్యులకు ఈ విద్య నేర్పారు. 1986లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 1997 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశారు.

ఇంతటి మనిషి చివరి దశలో తన జీవితకథను చెప్పగా అంగడాల వెంకటరమణమూర్తి గారు అక్షరబద్ధం చేశారు. ఆ పుస్తకం పేరు పింజారి. పద్మశ్రీ అని పెట్టుకోవచ్చు, బుర్రకథ సామ్రాట్ అని పెట్టుకోవచ్చు. కానీ లోకం తిట్టుగా వాడిన మాటనే తన పేరుగా అట్ట మీద వేయించుకున్నారు. మా దృష్టిలో ఆయన సాధించిన వాటిలో అన్నిటికంటే పెద్దది ఇదే.

ఈ మాట ఎందుకు రాస్తున్నామంటే, తిరువూరు దాటి పై చదువులకు వెళ్ళాక ఎక్కడ చదివారని ఎవరైనా అడిగితే ఊరి పేరు గట్టిగా చెప్పి, సోషల్ వెల్ఫేర్ హాస్టల్ అనే మాట దగ్గర గొంతు తగ్గించిన వాళ్ళం మేమూ ఉన్నాం. ఇంటి పేరు అడిగితే మాట మార్చిన రోజులూ ఉన్నాయి. నాజర్ గారి గురించి చదివాక మాకు సిగ్గనిపించింది. మనకు అన్నం పెట్టి, చదువు చెప్పించిన చోటు పేరు చెప్పడానికి మనం భయపడితే, రేపు మన తర్వాత ట్రంకుపెట్టెతో ఈ గేటు లోపలికి వచ్చే తమ్ముడు ఇంకెంత భయపడతాడు?

తమ్ముళ్ళూ, వచ్చే వార్షికోత్సవానికి సినిమా పాటల డ్యాన్సులతో పాటు ఒక బుర్రకథ కూడా నేర్చుకోండి. అందులో మన హాస్టల్ కథ చెప్పండి. పేర్లేవీ దాచకుండా చెప్పండి. వినడానికి మేమంతా వస్తాం.