రైఫైజన్ మహాశయుని చరిత్రము

సహకార పరపతి సంఘమను మాట వినని గ్రామము నేడు మన ప్రాంతమున అరుదు. ఆ పద్ధతిని పల్లెలకు అందించిన ఫ్రీడ్రిహ్ విల్‌హెల్మ్ రైఫైజన్ చరిత్ర మెరిగినవారు మాత్రము కొలదిమంది. ఆయన కోటీశ్వరుడు కాడు, మహాపండితుడు కాడు. పల్లెల పాలన చూచిన చిన్న యుద్యోగి.

రైఫైజన్ 1818 మార్చి 30వ తేదీన జర్మనీదేశమున, జీగ్ నదీతీరమందలి హామ్ గ్రామమున జన్మించెను. ఉన్నతవిద్యకు వీలులేక 1835లో సైన్యమున చేరెను. నేత్రవ్యాధిచే 1843లో ఆ కొలువు విడిచి, 1845లో వైయెర్‌బుష్ గ్రామమునకు మేయరయ్యెను.

1846-47లో పంటలు చెడి ధాన్యపుధర మిన్నంటెను. ఆయన కలవారిచే సొమ్ము పోగుచేయించి, బీదలకు పిండిని అరువుగా నిప్పించి, ఊరుమ్మడి పొయ్యి కట్టించి, రొట్టెలు చౌకగా అందునట్లు చేసెను. 1848లో ఫ్లామెర్స్‌ఫెల్డునకు మారి, పశువుల కొనుగోలులో రైతులు వడ్డీవ్యాపారుల పాలగుట చూచి, 1849లో సహాయసంఘము నెలకొల్పెను. కలవారు పూచీపడగా రైతులకు పశువులు వాయిదాలమీద లభించెను. హెడ్డెస్‌డోర్ఫ్‌కు వచ్చిన పిమ్మట 1854లో ధర్మసంఘ మొకటి స్థాపించెను.

అయితే దాతల యుత్సాహము నానాటికి సన్నగిల్లెను. పరుల దయపై నిలిచిన సంఘము చిరకాలము నిలువదని ఆయన గ్రహించి, 1864లో దానిని ఋణసంఘముగా మార్చెను. అప్పు తీసికొనువారే సభ్యులైరి. సంఘపు బాకీలకు అందరును అపరిమితముగా బాధ్యులైరి. నిర్వాహకులకు జీతము లేదు. లెక్కలు వ్రాయువానికి మాత్రమే ప్రతిఫలము. లాభము పంచుకొనక నిధిగా నిలువచేసిరి.

ఇట్టి సంఘములు అప్పు లిచ్చుటతో నాగక పొదుపు సొమ్మును గూడ స్వీకరించెను. ఇందే అసలు మర్మమున్నది. తన కష్టార్జితము దాచినవాడు అది ఎవరిచేతికి పోవుచున్నదో కనిపెట్టకుండునా? ఇరుగుపొరుగుల సొమ్మని యెరిగిన ఋణగ్రస్తుడు గడువు తప్పుటకు సిగ్గుపడును. దానమునకు లేని కాపలా డిపాజిట్టునకు గలదు.

కాని బ్యాంకుపని చేపట్టిన సంఘమునకు బ్యాంకునకుండు చిక్కులును తప్పవు. దాచినవారు అడిగినప్పుడు సొమ్మీయవలెను. రైతప్పు పంట చేతికి వచ్చినగాని తీరదు. పట్టణములలో సహకార బ్యాంకులు స్థాపించిన షుల్జె-డెలిట్ష్ ఈ లోపమునే యెత్తి చూపెను. ఆ యాక్షేపణ త్రోసిపుచ్చదగినది కాదు. ఒకచోట మిగిలిన సొమ్ము మరియొకచోటి కొరత తీర్చుటకై, 1872లో నోయ్‌వీడ్‌లో సంఘములకు కేంద్ర బ్యాంకు ఏర్పడెను. ఒంటరి సంఘము చేయలేని పని సంఘముల సంఘము చేసెను.

అనారోగ్యముచే 1865లోనే ఉద్యోగము విడిచినను రైఫైజన్ విశ్రమింపలేదు. చూపు మందగింపగా కుమార్తె అమేలీ ఆయనకు వ్రాతపనిలో తోడ్పడెను. 1866లో ఋణసంఘములను గూర్చి గ్రంథము ప్రకటించి, 1888 మార్చి 11న కీర్తిశేషుడయ్యెను.

చెన్నపురి ప్రభుత్వముచే నియుక్తుడైన ఫ్రెడరిక్ నికల్సన్ 1895, 1897లలో సమర్పించిన నివేదికలలో ఈ పద్ధతినే సిఫారసు చేసెను. 1904లో భారతదేశమున సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. సహకార భావనను యునెస్కో 2016లో మానవాళి వారసత్వ పట్టికలో చేర్చినది.

గ్రంథాలయ సభ్యులకు ఈ ధర్మము క్రొత్తది కాదు. ఒకరు పుస్తకము తిరిగి యిచ్చినగాని మరియొకరు చదువలేరు. పరపతి సంఘమునందలి రూపాయియు అట్టిదే.