దామెర్ల రామారావు: ఆయన నేర్చిన చదువు, నేర్పిన చదువు

సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతములందలి మన పూర్వులకు కళ బడిలో అబ్బినది కాదు. తల్లి కండెలు చుట్టుచుండగా, తండ్రి మగ్గపు గుంటలో గూర్చుండి నాడె విసరుచుండగా, చూచి చూచి నేర్చినదే. కావున చిత్రలేఖనాది కళలను గణితమువలె, చరిత్రవలె పాఠ్యవిషయముగా బోధింపవలెనా యను ప్రశ్న వచ్చినపుడు, మన పెద్దలలో పలువురు కళ పుట్టుకతో రావలసినదే గాని బోధించిన వచ్చునది కాదని త్రోసివేయుదురు. ఈ మాటలో కొంత సత్యము లేకపోలేదు. ఐనను ఈ ప్రశ్నకు తన జీవితముచేతనే సమాధానమిచ్చిన యొక ఆంధ్ర చిత్రకారుని చరితమును, ఆయన మన కులమున బుట్టినవాడు కాకపోయినను, పాఠకుల ముందుంచ దలచితిమి.

దామెర్ల రామారావు 1897 మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. బాల్యమునుండియు బొమ్మలపైననే మక్కువ. ఆనాటి పరీక్షలకు ఆ బొమ్మలతో నిమిత్తము లేదు. ఐనను ఆ పట్టణపు ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర, తానును చిత్రకారుడగుటచే, ఆ బాలుని చేతివాటమును గుర్తించి చేరదీసెను. అడివి బాపిరాజు, వరదా వెంకటరత్నములును ఆ దొర శిష్యులే. ఆయన వారికి జేసిన మేలు ఏ పాఠ్యక్రమమునందును వ్రాయబడినది కాదు. అట్టి గురువు దొరకనిచో ఆ పిల్లవాని గతి యేమి? దొరకని పిల్లలెందరో యని తలచినపుడు మాకు దిగులు కలుగును.

కూల్డ్రే ప్రోత్సాహమున రామారావు 1916లో బొంబాయి చేరెను. మన ప్రాంతపు నేతవారెందరో బ్రదుకుతెరువునకై పోయిన బొంబాయియే అది. అచ్చటి జె.జె. చిత్రకళాశాల, జంషెడ్జీ జీజీభాయి యను పారసీ వర్తకుడొసగిన లక్షరూపాయల విరాళముతో 1857లో వెలసినది. విద్యార్థివేతనమనగనే వైద్యమును, ఇంజనీరింగును మాత్రమే తలచు మన పోషకులు ఈ వర్తకుని గూర్చి యొకింత యాలోచింతురు గాక. రామారావు ప్రవేశించునాటికే ఆయన పనితనము చూచి పై తరగతిలో చేర్చుకొనిరి. అవయవముల పొందిక, వెలుగునీడల తీరు, వర్ణముల మేళవింపు అచ్చట క్రమముగా నేర్చెను. ఒంటరిగా తడవుకొనువానికి ఏండ్లు పట్టు పని యిది. పుట్టుకయే చాలునను వారు ఈ సంగతి గమనింపరు. 1920లో ప్రథమ శ్రేణిలో నుత్తీర్ణుడై, తిరిగివచ్చి గీసినవి మాత్రము బొంబాయి బొమ్మలు గావు. గోదావరియు, తెలుగు స్త్రీలును, మన పురాణగాథలును. బడి చదువు సొంత చూపును చెరుపునను భయమునకు ఆయన పటములయందు తావు లేదు.

ఋష్యశృంగుని కథను జూపు ఆయన చిత్రమునకు 1922లో కలకత్తా ప్రదర్శనమున బహుమానము వచ్చెను. 1924లో వెంబ్లీ ప్రదర్శనమునకును ఆయన పటము పోయెను. ఇంతటి పేరు వచ్చినవాడు పటములమ్ముకొని సుఖముగా నుండవచ్చును. ఆయన యట్లు చేయక రాజమహేంద్రవరముననే చిత్రకళాశాల నెలకొల్పి పిల్లలకు నేర్ప దొడగెను. భార్య సత్యవాణియు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మయు చిత్రకారిణులైరి.

1925 ఫిబ్రవరి 6వ తేదీన మసూచికముచే రామారావు పరమపదించెను. అప్పటికాయనకు ఇరువదియెనిమిది యేండ్లైనను నిండలేదు. ఆ విద్య ఆయన వ్రేళ్ళయందే నిలిచియున్నచో ఆనాటితో ముగిసియుండెడిది. మన యిండ్లలో అట్లు ముగిసిన అంచులెన్ని, పూవులెన్ని! తాత నేసినది తండ్రికి సగమే వచ్చినది. మరమగ్గములు వచ్చిన పిదప కొడుకునకు ఆ సగమును లేదు. ఇంటిబడి మూతపడినచోట బయటిబడి యవసరము కాదని చెప్ప మాకు నోరు రాదు.

రామారావు బడి మాత్రము ఆయనతో పోలేదు. ఆప్తుడగు వరదా వెంకటరత్నము దానిని చేతబట్టి యేండ్ల తరబడి శిష్యులను తీర్చిదిద్దెను. మన కరీంనగరు సీమయందలి అన్నారమున 1915లో జన్మించిన పాకాల తిరుమల రెడ్డియు తరువాత బొంబాయిలోని ఆ జె.జె. కళాశాలకే పోయి చదివి ప్రఖ్యాతుడయ్యెను. రామారావు పటములు రాజమహేంద్రవరమున ఆయన పేర వెలసిన చిత్రశాలయందు నేటికిని గలవు. గోదావరి స్నానమునకు బోవు మనవారు పిల్లలను వెంటబెట్టుకొని యచ్చటికిని పోయి రావచ్చును.